మట్టికి పడ్డ అప్పు

ఒకడు పాడుచేసిన దానిని మరొకరు బాగుచేసి పెడితే, పాడుచేసినవాని అప్పు తీరినట్లేనా?

ప్రశ్న పాతదే. నీతిశాస్త్రాలు దీనిని మనిషికీ మనిషికీ మధ్య పెట్టి చర్చించాయి. నేను మట్టి దగ్గర పెట్టి చర్చించదలచుకున్నాను. చెడిపోయిన నేలలను శిలీంధ్రాలతో, అనగా బూజు, పుట్టగొడుగుల జాతి జీవులతో, తిరిగి బాగుచేయవచ్చుననే మాట విజ్ఞాన పత్రికలను దాటి ఎరువుల దుకాణాల దాకా వచ్చింది. ఆ మాటలో నిజం వున్నది. ఆ నిజాన్ని అడ్డం పెట్టుకొని ఒక మోసం కూడా సాగుతున్నది. రెండింటినీ విడదీసి చూపటం విమర్శ చేయవలసిన పని. సాహిత్యం మాట్లాడుకొనే చోట మట్టి సంగతి యెందుకని అడిగేవారికి నా సమాధానం ఒకటే: మనం వాడే పోలికలలోనూ, మనం మెచ్చుకునే విలువలలోనూ వున్న దోషం యెక్కడో ఒకచోట నేలమీద పడి తీరుతుంది.

ముందుగా ఒక సంగతి ఒప్పుకోవాలి. యీ వ్యవహారంలో నేను సాక్షిని కాదు, ముద్దాయిని.

మాది గోదావరి డెల్టాలో కాలువ చివరనున్న వూరు. మాకున్నది ఎకరమున్నర. మెరక పొలం. కాలువ నిండుగా పారినప్పుడు కూడా తూములోంచి నీళ్ళు మా చేలోకి ఒక పట్టాన ఎక్కేవి కావు. 1986లో నాకు వృక్షశాస్త్రం ఎమ్మెస్సీలో సీటు వచ్చింది. ఫీజుకూ హాస్టలుకూ యింట్లో డబ్బు లేదు. ఆ వేసవిలోనే ఒక ఇటుక బట్టీ యజమాని మా నాన్నగారి దగ్గరకు వచ్చి, "మీ చేను మెరక గదండీ, పైమట్టి తీయించెయ్యండి. పల్లమై నీళ్ళెక్కుతాయి, మీకు డబ్బూ చేతికొస్తది" అన్నాడు. ఆ మాటలో సగం నిజం. రెండడుగుల లోతున తవ్వి మట్టి తోలుకుపోయారు. నీళ్ళు ఎక్కాయి, పంట దిగింది. అడుగున తేలినది తడిస్తే బంక, ఎండితే రాయి.

నేను చదువుకున్నాను, కాలేజీలో పాఠాలు చెప్పాను. చేను కౌలుకిచ్చాము. సెంటు భూమి లేని ఒక కుటుంబం, తండ్రి తరువాత కొడుకు, ముప్పై యేళ్ళకు పైగా ఆ గట్టినేలతో కుస్తీ పట్టింది. పక్క చేలకన్నా పంట తక్కువైనా మక్తా బస్తాలు మాత్రం పక్క చేల లెక్కనే మా యింటికి వచ్చేవి. పండని యేడు కౌలుదారు, "మట్టిలో బలం లేదండి మాస్టారూ" అనేవాడు. ఆ బలం యెక్కడికి పోయిందో మా యిద్దరికీ తెలుసు. అది నా డిగ్రీ పట్టాలోకి పోయింది.

2021లో ఉద్యోగ విరమణ చేశాక, యిక తీరిక దొరికింది గదా అని, ఒక సంచి శిలీంధ్రపు పొడి కొనుక్కొని ఆ చేను గట్టు మీద దిగాను. ఆ పొడి యేమిటో, యెందుకు పని చేస్తుందో చెప్పవలసి వున్నది.

వేరుకూ శిలీంధ్రానికీ గల పొత్తుకు 1885లో జర్మన్ శాస్త్రజ్ఞుడు ఆల్బర్ట్ బెర్న్‌హార్డ్ ఫ్రాంక్ మైకోరైజా అని పేరు పెట్టాడు. శిలీంధ్రం, వేరు అనే రెండు గ్రీకు మాటలను కలిపి చేసిన పేరది. నిజానికి ప్రష్యా ప్రభుత్వం ఆయనను కోరిన పని మరొకటి. నేలలోపల పెరిగే ట్రఫుల్ అనే ఖరీదైన పుట్టగొడుగును సాగుచేసే మార్గం వెతకమన్నారు. సంపన్నుల భోజనపు బల్ల కోసం తవ్వబోతే, లోకంలోని పంటలలో చాలావాటికి సంబంధించిన రహస్యం బయటపడింది. వరి, జొన్న, కంది, మినుము, పత్తి, నేలమీది మొక్కజాతులలో నూటికి డెబ్బై దాకా, యిలాంటి ఒక తెగ శిలీంధ్రాలతో పొత్తు పెట్టుకునే బ్రతుకుతున్నాయి. స్కాట్లండ్‌లో రైనీ అనే చోట దొరికిన సుమారు 40 కోట్ల యేళ్ళనాటి శిలాజాలలో, యింకా సరైన వేళ్ళే పుట్టని తొలి మొక్కల కాడలలో, యీ శిలీంధ్రపు జాడలు కనిపించాయి. అనగా యీ పొత్తు వేరుకన్నా పాతది.

పని జరిగే తీరు యిదీ. మొక్కకు కావలసిన భాస్వరం మట్టిలో కదలదు. వేరు తన చుట్టూ ఒకటి రెండు మిల్లీమీటర్ల మేర వున్నదంతా తీసుకున్నాక అక్కడ ఖాళీ యేర్పడుతుంది. వేరుకన్నా యెన్నో రెట్లు సన్నని శిలీంధ్రపు పోగులు ఆ ఖాళీని దాటి సెంటీమీటర్ల దూరం పోయి, వేరు దూరలేని సందులలో దూరి, భాస్వరాన్ని తెచ్చి యిస్తాయి. బదులుగా మొక్క తాను ఎండలో తయారుచేసుకున్న ఆహారంలో నాలుగు నుంచి ఇరవై శాతం దాకా శిలీంధ్రానికి యిస్తుంది. పోగులు అల్లుకున్నకొద్దీ మట్టిరేణువులు ముద్దలుగా కట్టుబడి నేల గుల్లబారుతుంది. గాలీ నీరూ లోపలికి పోతాయి.

యీ తెగ శిలీంధ్రానికి ఒక నియమం వున్నది. బ్రతికున్న వేరు లేనిదే అది పెరగదు. కాబట్టి పైమట్టి తీసేస్తే పోతుంది. మాటిమాటికీ లోతుగా దున్నితే పోగులు తెగుతాయి. భాస్వరపు ఎరువు అతిగా గుమ్మరిస్తే మొక్కే పొత్తును తగ్గించుకుంటుంది. చివరకు, నేలకు విశ్రాంతి అని బీడు పెట్టినా అది క్షీణిస్తుంది. ఆస్ట్రేలియాలో క్వీన్స్‌లాండ్ నల్లరేగడి భూములలో ఏడాదికి పైగా బీడు పెట్టిన చేలలోనే పైరు గిడసబారిపోయేది. వేరును కాచుకొని బ్రతికే శిలీంధ్రం ఆ బీడుకాలంలో ఆకలికి పోవటమే కారణమని 1980లలో పరిశోధకులు తేల్చారు. ప్రకృతిని దాని మానాన వదిలేస్తే చాలు, అదే బాగుపడుతుందనే భావుకులు యీ సంగతి గమనించాలి. సాగునేల కోరేది మనం చేతులు ముడుచుకోవటాన్ని కాదు, సంబంధాన్ని.

నేను కొన్న పొడిలో వున్నది యీ జీవే. కుండీలలో జొన్నవంటి పైరు పెంచి, ఆ వేళ్ళ మీద దానిని వృద్ధిచేసి, ఆ మట్టినీ వేళ్ళనూ పొడిచేసి అమ్ముతారు. యిందులో మోసం యేమున్నది? పొడిలో జీవం సన్నగిల్లిన సరుకు అమ్ముడుపోతున్న సంగతి అటుంచండి. అసలు మోసం సరుకులో కాదు, సరుకు యిచ్చే ధైర్యంలో వున్నది.

నా ఎకరమున్నర చిన్న ఉదాహరణ. పెద్ద ఉదాహరణ అమెరికాలో వున్నది. అపలాచియన్ కొండలలో బొగ్గు కోసం అడవినీ పైమట్టినీ ఒలిచివేశారు. మిగిలిన రాతిపొడి పుల్లని ఆమ్లం, వేసవిలో పెనం. అక్కడ మొక్క నిలవలేదు. 1970లలో అమెరికా అటవీశాఖకు చెందిన డోనాల్డ్ మార్క్స్ అనే శాస్త్రజ్ఞుడు పైసోలిథస్ అనే శిలీంధ్రాన్ని నారుమడిలోనే పైన్ మొక్కల వేళ్ళకు పట్టించి నాటాడు. ఆ మొక్కలు ఆ రాతిపొడిలో బ్రతికి పెరిగాయి. యిది మానవ విజ్ఞానం గర్వించదగిన విజయం. దీనిని తక్కువ చేసి మాట్లాడటం అభ్యుదయం కాదు.

1977లో అక్కడ చట్టం కూడా వచ్చింది. తవ్విన కంపెనీ నేలను మునుపటి ఆకారానికి దగ్గరగా తెచ్చి, పచ్చదనం నిలిపి మరీ పోవాలి. అందుకు ముందే జామీను పెట్టాలి. ప్రజల పోరాటంతో వచ్చిన మంచి చట్టం. అయితే జరిగినదేమిటి? ఆకారం త్వరగా తేవటానికి బుల్‌డోజర్లతో నేలను అణగదొక్కి, పైన గడ్డి చల్లారు. చూపుకు పచ్చగానే వుంది. అణగిన నేలలో చెట్టు వేరు దిగదు. అడవి తిరిగి రాలేదు. పైపొరను అణచకుండా వదులుగా వదలండని ఆ తరువాత అటవీ శాస్త్రజ్ఞులు పోరవలసి వచ్చింది. 2015, 2016 సంవత్సరాలలో పెద్ద బొగ్గు కంపెనీలు కొన్ని వరుసగా దివాలా కోర్టుకెక్కినప్పుడు మరొక సంగతి వెలికి వచ్చింది. కొన్ని రాష్ట్రాలలో ఆ కంపెనీలు తమకు తామే జామీను వుండటానికి అనుమతి పొందాయి. దోచినవాడి ఆస్తే దోపిడీకి హామీ. ఆ ఆస్తే లేదని తేలినరోజున హామీ యేమవుతుంది?

కొండంత చోటా, ఎకరమున్నరలోనూ నీతి ఒక్కటే. బాగుచేయవచ్చుననే జ్ఞానం పాడుచేసేవాని చేతిలో అనుమతిపత్రం అవుతున్నది. పక్కవీధిలో వైద్యుడున్నాడు గదా అని విషం కలిపినవాని తప్పు తగ్గుతుందా? పైగా వైద్యుని రుసుము కూడా తిన్నవాని చేతనే కట్టిస్తున్నాము.

1867లో వెలువడిన "పెట్టుబడి" మొదటి సంపుటంలో మార్క్సు కూలివాని దోపిడీనీ నేల దోపిడీనీ ఒకే వ్యవస్థకు రెండు ముఖాలుగా చూశాడు. వ్యవసాయ రసాయన శాస్త్రజ్ఞుడు లీబిగ్‌ను చదివి ఆయన యీ నిర్ణయానికి వచ్చాడు. 1876లో ఎంగెల్సు, ప్రకృతి మీద మనం సాధించామనుకునే ప్రతి విజయానికీ అనుకోని పర్యవసానాలు వుంటాయని హెచ్చరించాడు. యీ మాటలు మన అధ్యయన తరగతులలో తగినంతగా చదవలేదని నా అభియోగం. చదివి వుంటే, పత్తి సాగుకోసం 1960ల నుంచి నదులను మళ్ళించి అరల్ సముద్రాన్ని ఎండగట్టిన పని సోషలిజం పేరుతో జరిగినప్పుడు మనం అంత మౌనంగా వుండేవాళ్ళం కాము. దోషం ఒక్క లాభాపేక్షది మాత్రమే కాదు. నేలను నోరులేని సాధనంగా చూసే ప్రతి ప్రణాళికదీ.

యిక పోలికల సంగతి. 1997లో కెనడా అడవులలో జరిగిన ఒక పరిశోధనలో, శిలీంధ్రంతో కలిసివున్న రెండు జాతుల చెట్ల మధ్య కర్బనం చేతులు మారిందని తేలింది. అంతే, అడవి అంతా ఒక ప్రేమకుటుంబం, తల్లిచెట్లు బిడ్డలకు పాలిస్తున్నాయని కథలు పుట్టాయి. 2011లో మరికొందరు, మొక్కా శిలీంధ్రమూ తమకు యెక్కువ యిచ్చే భాగస్వామికే తామూ యెక్కువ యిస్తాయని ప్రయోగం చేసి చూపారు. వెంటనే, చూశారా, నేలలోపల కూడా బజారే అన్నారు. 2023లో ముగ్గురు శాస్త్రజ్ఞులు సాక్ష్యాలన్నీ తిరిగి తూచి, అడవిలో చెట్లు శిలీంధ్రపు పోగులగుండా ఒకదానికొకటి సహాయం చేసుకుంటాయని చెప్పటానికి తగిన ఆధారం లేదని తేల్చారు. ప్రేమ కథ మనకు తియ్యగా వుంటుంది, బజారు కథ మన విరోధులకు తియ్యగా వుంటుంది. రెండూ చేసే పని ఒకటే. సమాజంలో మనం తేల్చుకోవలసిన తగవును శిలీంధ్రం చేత తీర్పు చెప్పిస్తున్నాయి. భాస్వరం తక్కువైనచోట గాఢంగా వుండి, యెక్కువైనచోట సడలే పొత్తు ప్రేమా కాదు, వ్యాపారమూ కాదు. అది పరిస్థితుల మీద ఆధారపడిన సంబంధం. భౌతికవాదికి అంతకన్నా అందమైన కథ అక్కరలేదు.

పరిస్థితులు అన్నాను. నా చేలో ఆ మాట నాకు నేర్పినవాడు మా కౌలుదారు.

గట్టు మీద కూర్చొని సంచి విప్పి, యిదంతా అతనికి వివరించాను. వరి కోయక ముందే మినుము చల్లాలి. మినుము లేచాక నేలను ఉత్తగా వదలకూడదు. మన రాష్ట్రంలో 2016 నుంచి సాగుతూ వచ్చిన ప్రకృతి వ్యవసాయ కార్యక్రమంలో చేస్తున్నట్లు తొలకరికి ముందే నవధాన్యాలు చల్లి పచ్చగా వుంచాలి. డీఏపీ తగ్గించాలి, పశువుల గెత్తం పెంచాలి, లోతు దుక్కి మానాలి. మూడు నాలుగేళ్ళు ఓపిక పడితే నేల తేరుకుంటుంది. అతను అంతా విన్నాడు. విని అన్నాడు:

"మీరు చెప్పింది బానే వుందండి. మూడేళ్ళని మీరే అంటన్నారు. మూడేళ్ళూ యీ చేను నా కింద వుంటదాండి?"

నా దగ్గర జవాబు లేదు. అతని కౌలు ప్రతి యేడూ నోటిమాట మీద నడిచేది. చట్టాలు చూద్దామా? 2011 చట్టం కౌలుదారుకు యేడాది చెల్లే రుణార్హత కార్డు యిచ్చింది. ఆంధ్రప్రదేశ్‌లో 2019లో వచ్చిన సాగుదారు హక్కుల చట్టం పదకొండు నెలలు చెల్లే పత్రాన్ని, అదీ భూయజమాని ఒప్పుకొని సంతకం పెడితే, యిమ్మన్నది. శిలీంధ్రం అల్లుకోవటానికి యేళ్ళు కావాలి. మనిషికి మనం యిచ్చిన గడువు నెలలు. వచ్చే యేడు తనదో కాదో తెలియని నేలలో యీ యేటి డీఏపీ బస్తా మానుకోమని చెప్పటం నీతిబోధ కాదు, క్రూరత్వం. రైతులు అజ్ఞానంతో నేలను పాడుచేస్తున్నారని వ్యాసాలు వ్రాసే పెద్దలు, ఆ నేల దున్నుతున్నవాడికి దానితో యెన్నాళ్ళ అనుబంధం అనుమతించారో ముందు చెప్పాలి.

అక్కడ నా కళ్ళు తెరుచుకున్నాయని వ్రాస్తే కథ బాగుంటుంది. కాని అలా జరగలేదు. నేను వారం రోజులు అతని కంటపడకుండా తిరిగాను. కాగితం రాస్తే చేను పోయినట్లేనని బంధువులు అన్నారు. నాకూ అదే భయం. దున్నేవానికే భూమి అని ముప్పై యేళ్ళు వేదికల మీద మాట్లాడిన నోరు, ఎకరమున్నర దగ్గర ఎండిపోయింది. శిలీంధ్రపు పొడి కొనటం నాకు అంత సులభమెందుకయిందో అప్పుడు తెలిసింది. సంచి కొంటే అప్పు తీర్చిన తృప్తి కలుగుతుంది, ఆస్తి అంగుళం కదలదు.

చివరకు ఆరేళ్ళకు కాగితం వ్రాసి యిచ్చాను. మొదటి రెండేళ్ళు మక్తా లేదు, తరువాత పండినదానిలో పాలు. దీనిని త్యాగమని యెవరూ పొరపడవద్దు. అమ్మేసిన మట్టికి ముప్పై యేళ్ళు మక్తా తిన్నవాడు రెండేళ్ళు మానుకుంటే అది దానం కాదు, వడ్డీలో కొంత చెల్లించటం. పట్టా యింకా నా పేరనే వున్నది. నా నీతి యెక్కడ ఆగిపోయిందో కూడా పాఠకులకు తెలియాలి.

తరువాత జరిగినది చెప్పి ముగిస్తాను. సగం చేలో కొన్న పొడి వేశాము. మిగతా సగానికి సరిపోలేదు. కౌలుదారే గట్టు చూపించి, "యిది అమ్మని మట్టి గదండీ" అన్నాడు. నిజమే. 1986లో చేనంతా తవ్వినా సరిహద్దు గట్టు తవ్వలేదు. దాని మీద గరిక ఆనాటి నుంచీ పెరుగుతూనే వున్నది. గరిక వేరు వున్నచోట శిలీంధ్రం వుండక మానదు. గట్టు పక్కనుంచి నాలుగు తట్టల మట్టి వేళ్ళతో సహా తీసి, మినుము చల్లేటప్పుడు రెండో సగంలో జల్లాము. మూడవ యేడు రెండు సగాలనుంచీ మినుము వేళ్ళు తెచ్చి, క్షారంలో ఉడికించి, నీలిరంగు అద్ది, పాత శిష్యుని ప్రయోగశాలలో సూక్ష్మదర్శిని కింద పెట్టాను. రెండింటిలోనూ కణాల లోపల చిన్న చిన్న చెట్ల కొమ్మల్లా శిలీంధ్రం పరచుకొని వున్నది. యేది కొన్నదో, యేది గట్టుదో నేను చెప్పలేకపోయాను. యిది శాస్త్రీయ ప్రయోగం కాదు, ఒక ఎకరమున్నర అనుభవం మాత్రమే. అయితే యితర దేశాలలో జరిగిన పరిశోధనలలో కూడా, దుకాణపు సరుకుకన్నా ఆ చోటి నేలలోని శిలీంధ్రమే తరచు మెరుగ్గా పనిచేసిందని చదివాను.

నేల గుల్లబారింది. వాన వెలిసిన మర్నాడు నీరు నిలవటం లేదు. పంట పెరిగింది గాని పక్క చేలకు సమానం కాలేదు. పోయిన రెండడుగుల మట్టి తిరిగి రాలేదు, రాదు. వందల యేళ్ళ వరదలు పరచిన ఒండ్రును యే శిలీంధ్రమూ తయారుచేయలేదు.

యిక్కడొక ఆక్షేపణ వస్తుంది. ఇటుకలు లేకుండా బడులు యెలా కడతాము? పేదవాడికి పక్కాయిల్లు వద్దా? నీ చదువు వల్ల వందలమంది శిష్యులు చదువుకోలేదా? యీ ఆక్షేపణలో బలమున్నది. నేను ఇటుకకూ చదువుకూ విరోధిని కాను. మా నాన్నగారు తప్పుచేశారని కూడా అనను. చదువుకోవాలంటే కాళ్ళకింది మట్టిని అమ్ముకోవలసిన స్థితిలో ఆయనను పెట్టిన ఏర్పాటుది తప్పు. కాని ఆ ఏర్పాటు మీద తప్పు నెట్టి నేను చేతులు దులుపుకోలేను. లాభం నాకు వచ్చింది, నష్టం మరొకని చేతికి వెళ్ళింది. వ్యవస్థ తప్పు చేసినప్పుడు కూడా అప్పుపత్రం మీద యెవరిదో ఒకరి పేరు వుంటుంది. యీ పత్రం మీద నా పేరు వున్నది.

కనుక మొదటి ప్రశ్నకు నా జవాబు యిదీ. తీరదు. శిలీంధ్రం తన పని తాను చేస్తుంది. దానికి మన అప్పుతో నిమిత్తం లేదు. దాని పని సాగటానికి కావలసిన కాలాన్నీ, ఆ కాలమంతా నేలమీద నిలబడే హక్కునూ దున్నేవానికి యివ్వటం మన పని. ఆ రెండో పని చేయకుండా మొదటిదాన్ని సంచులలో కొనటం, అప్పు తీర్చకుండా రసీదు వ్రాసుకోవటం వంటిది.

ఒప్పందంలో యింక మూడేళ్ళు వున్నాయి. మొన్న కౌలుదారు అడిగాడు, "ఆరేళ్ళయ్యాక సంగతేంటండి మాస్టారూ?" అని. గట్టు మీద గరిక పీకుతూ కూర్చున్నాను. యీసారి వారం రోజులు తప్పించుకు తిరగనని మాత్రం చెప్పాను.